దర్శనానంతర వ్యుత్థానము: కడప, కర్నూలు సీమల దర్శనకవుల స్వభావభేదము

ఆంధ్రదేశమున దర్శనకవుల చరిత్రములను వ్రాసినవారు దర్శనఘట్టమును మిక్కిలి విస్తరించి వర్ణించిరి. ఏ కొండపై, ఏ గుహలో, ఏ వయస్సున, ఏ దేవత ప్రత్యక్షమయ్యెనో యదియంతయు వారి గ్రంథములందు గలదు. ఆ మఱునాడు ఆ మనుష్యుడు ఏ యింటికి బోయెను, ఏ పని చేసెను, ఎవరితో మాటలాడెను అను ప్రశ్నలకు మాత్రము వారు రెండు మూడు వాక్యములకంటె నెక్కువ వెచ్చింపలేదు. వాఙ్మయవిమర్శకునకు గావలసినది యీ మఱునాటి చరిత్రమే. సమాధియందున్నవాడు పద్యము చెప్పడు. నేడు లభించుచున్న పదములును, పద్యములును, తత్త్వములును దర్శనమునుండి తిరిగివచ్చినవాని మాటలు. తిరిగివచ్చుట యెట్లు జరిగినదో యెఱుగక యా మాటల స్వరమును నిర్ణయించుట సాధ్యము కాదు.

కడప, కర్నూలు సీమలు ఈ విచారమునకు మిక్కిలి యనుకూలమైన క్షేత్రము. తాళ్లపాక అన్నమాచార్యుడు, వేమన, పోతులూరి వీరబ్రహ్మము అను మువ్వురును ఈ యెఱ్ఱనేల, నల్లరేగడి, రాతిగుట్టల నడుమ దిరిగినవారే. మువ్వురకును దర్శనము గలిగినదని లోకప్రసిద్ధి. మువ్వురును వేఱువేఱు విధముల లోకమునకు దిరిగి వచ్చిరి. భేదమునకు హేతువు దర్శనమునందు గాక స్వభావమునందున్న దనియు, ఆ స్వభావమునకు సాక్ష్యము వారి జీవితగాథలకంటె వారు పద్యాంతమున, పదాంతమున ఎవరిని సంబోధించి రను విషయమున స్పష్టముగా గలదనియు జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

వ్యుత్థాన మను మాట

సమాధినుండి లేచివచ్చుటకు యోగశాస్త్రమున వ్యుత్థాన మని పేరు. పతంజలి విభూతిపాదమున, సిద్ధులు సమాధికి విఘ్నములే యైనను వ్యుత్థానమున సిద్ధులుగా నెన్నబడు నని నిర్ణయించెను. ఒక్క యనుభవమే లోపలినుండి చూచినచో నొక విలువను, వెలికి వచ్చిన పిమ్మట మఱియొక విలువను గలిగియుండు నని దీని తాత్పర్యము. ఆయనయే కైవల్యపాదారంభమున సిద్ధులకు జన్మము, ఓషధి, మంత్రము, తపస్సు, సమాధి యని యైదు హేతువులు చెప్పి ఓషధిని రెండవదిగా బేర్కొనెను. ఓషధిచే గలుగు నసాధారణానుభవము ప్రాచీనుల కపరిచితము కాదు. వారు దానిని నిషేధవాక్యముతో గాని ప్రశంసావాక్యముతో గాని విడువక, వరుసలో నొకచో నుంచి ముందునకు సాగిరి.

జ్ఞానము గలిగిన పిదప స్వభావ మేమగు నను ప్రశ్నను విద్యారణ్యుడు జీవన్ముక్తివివేకమున విస్తరించి చర్చించెను. తత్త్వజ్ఞానము గలిగినంతమాత్రమున వాసనలు నశింపవు. వాసనాక్షయమునకును మనోనాశమునకును వేఱ యభ్యాసము గావలయును. ఇందుకు దృష్టాంతము యాజ్ఞవల్క్యుడు. బ్రహ్మవేత్త యయ్యును జనకసభలో వాదమున జయింపగోరెను. శాకల్యుని శిరస్సు పడునట్లు శపించెను. జ్ఞానము కలదు, విద్యామదము పోలేదు. దర్శనము మనుష్యుని మార్చివేయు ననెడి సామాన్యవిశ్వాసమునకు ఇది గట్టి ప్రత్యుత్తరము. పాత స్వభావము దర్శనముతో గూడ నింటికి దిరిగి వచ్చును.

అంతర్ముఖ, బహిర్ముఖ భేదమును గూడ కఠోపనిషత్తు చతుర్థవల్లి యారంభముననే కాననగును. ఇంద్రియములు బయటికి దెఱచియుండుటచే జనుడు బయటనే చూచుననియు, ధీరుడొకడు చూపును మరల్చి లోపలి యాత్మను గాంచె ననియు అందు జెప్పబడినది. అక్కడ అంతర్ముఖత్వము సాధనఫలము. 1921లో ప్రకటితమైన తన గ్రంథమున కార్ల్ గుస్తావ్ యూంగు ఈ భేదమునే పుట్టుకతో వచ్చు ప్రకృతిభేదముగా జూపెను. కొందఱి చిత్తశక్తి స్వభావముచేతనే లోనికి, కొందఱిది వెలికి బ్రవహించు నని యాతని మతము. ఈ రెండర్థములను గలిపివేయుటచేతనే కవులస్వభావవిచారమున బెక్కు పొరపాట్లు పుట్టుచున్నవి. మౌనముగా నుండువాడెల్ల జ్ఞాని కాడు. సభలో బాడువాడెల్ల బహిర్ముఖుడును గాడు.

నవీనపరిశోధన

ఓషధీజన్యానుభవములను గూర్చి పాశ్చాత్యదేశములందు జరిగిన పరిశీలనములు సైతము క్రమముగా నీ మఱునాటి ప్రశ్నకే వచ్చి చేరినవి. స్విట్జర్లాండున ఆల్బర్టు హాఫ్‌మను 1938లో దాను తయారుచేసిన ఎల్.ఎస్.డి. యను ద్రవ్యముయొక్క చిత్తప్రభావమును 1943లో గనుగొనెను. ఈ జాతి ద్రవ్యములకు సైకెడెలిక్కు లను పేరు, చిత్తమును వ్యక్తముచేయున వను నర్థమున, హంఫ్రీ ఆస్మండు పెట్టినది. కొంతకాలము శాసనబద్ధమై యుండిన పరిశోధన మరల సాగిన పిమ్మట, 2006లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున రోలండు గ్రిఫిత్సు మొదలగువారు పుట్టగొడుగులనుండి లభించు సైలోసైబిన్ ద్రవ్యముచే యోగానుభూతిని బోలిన యనుభవములు గలుగుటను బ్రకటించిరి. భారతదేశమున ఈ ద్రవ్యములు 1985 నాటి శాసనముచే నిషిద్ధములు.

ఈ వ్యాసమునకు గావలసినది తరువాతి పరిశోధనములు. 2011లో వెలువడిన దానియందు, అట్టి గాఢానుభూతి గలిగినవారి స్వభావమున నూతనవిషయములకు మనస్సును దెఱచియుంచు గుణము పెరిగి, ఏడాదికి బైగా నిలిచియుండుట గనబడెను. 2017 నాటి పరిశోధన యొకటి, భయమును దైన్యమును త్వరగా బొందు స్వభావముగలవారికి అనుభవము క్లిష్టతరముగా నుండు నని చూపెను. 2018లో, చికిత్సకు లొంగని విషాదరోగముగల యిరువది మందిని బరీక్షించిన వైద్యులు మూడు నెలల పిమ్మట వారియందు దైన్యప్రవృత్తి తగ్గి బహిర్ముఖత పెరిగినట్లు వ్రాసిరి. 2023లో, అనుభవము గడచిన చిరకాలమునకును దాని క్లేశము విడువని 608 మంది చెప్పుకొన్న మాటలను బరిశీలించిరి: ఆందోళన, భయము, ప్రపంచము నిజము కానట్లు దోచుట, ఇతరులనుండి తాను తెగిపోయినట్లుండుట యను నవి వారి బాధలు. అట్టివారికి ధ్యానము, ప్రార్థన, గ్రంథపఠనము, వ్రాసికొనుట, ఆప్తుల తోడు సహాయపడినవని యా పరిశోధకులే తెలిపిరి.

అంతర్ముఖు డగుట దోష మని గాని గుణ మని గాని యీ పరిశోధనములు తీర్పు చెప్పలేదు. కాని వారి పట్టికలో రెండు విషయములు వాఙ్మయవిమర్శకునకు మిక్కిలి ప్రయోజనకరములు. తెగిపోయినట్లుండుట ముఖ్యబాధ, మాటయు, ప్రార్థనయు, తోడును ముఖ్యౌషధములు. తిరిగివచ్చినవాని కారోగ్యము సంబోధ్యుడు దొరకుటయం దున్న దని దీని ఫలితార్థము.

పోలిక యొక్క మేర

పైన బేర్కొన్న మువ్వురిలో నెవ్వరి దర్శనమును ఓషధీజన్య మనుటకు ఆధారము లేదు. ఈ సీమలో గంజాయి పీల్చు బైరాగులుండిరి. ఉమ్మెత్త విషమును వైద్యు లెఱుగుదురు. సంస్కృతమున ఉమ్మెత్తకు ఉన్మత్త మను పేరే యున్నది. అది కలిగించునది దర్శనము గాదు, మతిభ్రమము, కొన్నియెడల మరణము. కావున కవుల దర్శనమునకు ద్రవ్యమును గల్పించి చెప్పుట యన్యాయము. పోలిక హేతువునందు గాక వ్యుత్థానమునందే. ధార్మికానుభవమును దాని వేళ్లనుబట్టి గాక ఫలములనుబట్టి నిర్ణయింపవలయు నని 1902లో ప్రకటితమైన యుపన్యాసములందు విలియం జేమ్సు చేసిన సిద్ధాంతము ఇందుకు జాలును. ఆకలిచే, జాగరముచే, శోకముచే, ధ్యానముచే, ఓషధిచే నేది చేతనైనను చిత్తము తన మేర దాటివచ్చిన పిమ్మట, మరల నిల్లు చేరుట యందఱకు నొక్కటే కార్యము.

అన్నమాచార్యుడు: నిత్యకృత్యమైన సంబోధనము

అన్నమయ్య మనుమడు చిన్నన్న రచించిన ద్విపదచరిత్రమును 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రకటించెను. గడ్డి కోయబోయిన బాలుడు వ్రేలు తెగి, యింటివారియందు విరక్తుడై, తిరుమలకు బోవు యాత్రికులతో గలిసెను. చెప్పులతో గొండ యెక్కుచు మోకాళ్ల ముడుపు కడ ఆకలిచే సొలసి నిద్రించెను. అక్కడ అలమేలుమంగ దర్శన మిచ్చి, పాదరక్షలు విడువు మని తెలిపి, ప్రసాదము పెట్టెను. బాలు డామెపై శతకము చెప్పెను.

ఈ కథలో విమర్శకు డాగవలసినచోటు చివరి వాక్యము. గాయము, విరక్తి, నడక, ఆకలి, నిద్ర యను నవి దర్శనమునకు బూర్వరంగము. కాని మేల్కొన్న క్షణముననే బాలునకు ఎవరితో మాటలాడవలయునో తెలిసియున్నది. చూచినదానిని వర్ణించుట గాదు, చూడబడిన యామెను బిలుచుట యతని మొదటి పని. మధ్య శూన్యకాలము లేదు. తెగిపోయినట్లుండు బాధకు అతనియందు జోటు దొరకలేదు.

రాగిరేకులపై నున్న వ్రాత దీనినే స్థిరపఱచుచున్నది. పదునాఱవ యేట తిరువేంగళనాథుడు ప్రత్యక్షము కాగా, శక 1346 క్రోధి సంవత్సరము మొదలు శక 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు సంకీర్తనములు చెప్పినట్లు అందు గలదు. క్రీస్తు శకమున నవి 1424, 1503 సంవత్సరములు. చిన్నన్న లెక్కచొప్పున కీర్తనములు ముప్పదిరెండువేలు. లభించినవి సగముకంటె దక్కువ. ఇంత రాశిని బ్రతిభాద్భుతముగా మెచ్చుకొనుట పరిపాటి. వ్యుత్థానదృష్టితో జూచినచో నది దినచర్య. దినమున కొక పదమైనను దక్కువ గాకుండ జెప్పుట యను వ్రతము దర్శనమును పండుగదినమునుండి దించి సాధారణదినమున బ్రవేశపెట్టినది.

ఇంటికి దిరిగి వచ్చి యాతడు తిరుమలమ్మను, అక్కలమ్మను బెండ్లియాడెను. కర్నూలు సీమలోని అహోబిలమున శఠగోపయతికడ వేదాంతమును జదివెను. దర్శనము పొందినవాడు మరల శిష్యుడై కూర్చుండుట గమనింపదగినది. తాను చూచినదానికి బరంపరయం దొక భాషను సంపాదించుకొనుట యదియే. సాళువ నరసింహుని మైత్రి లభించినను, ఆ రాజు తనపై బదము చెప్పు మన్నప్పుడు నిరాకరించి సంకెలలు ధరించినట్లు చరిత్రము చెప్పుచున్నది. సంబోధ్యుని మార్చుట యాతనికి శక్యము గాదు. పదములన్నియు వేంకటేశ్వరనామముతో ముగియుట ముద్రాసంప్రదాయము మాత్రమే కాక యా కవికి నిలువనీడ.

స్వభావముచే నన్నమయ్య బహిర్ముఖు డనవచ్చును. కాని శృంగారపదములందు ఆతని చూపు పూర్తిగా లోపలిదే. అక్కడ మాట నాయికది, సఖిది, దూతికది. స్వానుభవమును తన పేరిట జెప్పక పరస్వరమున జెప్పుట యాతని లోని రహస్యప్రియుడు కనుగొన్న యుపాయము. అధ్యాత్మ, శృంగార పదములను వేఱువేఱు పెట్టెలలో జదువుటచే నీ యేకత్వము మఱుగుపడుచున్నది.

వేమన: తన్ను దాను బిలుచుకొన్నవాడు

వేమన కాలము వివాదగ్రస్తము. పదునేడవ శతాబ్ది వాడని పలువురి మతము. పూర్వము కడప మండలమున జేరియుండిన కదిరి సీమలోని కటారుపల్లె ఆతని సమాధిస్థల మని ప్రసిద్ధి. వేశ్యాలోలత, బంధుమరణశోకము, స్వర్ణవిద్య, అభిరాము డను కంసాలికి జెందవలసిన యుపదేశమును లంబికాశివయోగివలన దాను బొందుట మొదలగునవి కథలు. వీనిని జరిత్రముగా గొని పద్యములను యౌవనము, వైరాగ్యము, సిద్ధి యని వరుస పెట్టుట సాహసము. 1829లో చార్లెసు ఫిలిప్పు బ్రౌను 693 పద్యములను, 1839లో 1164 పద్యములను బ్రకటించెను. తరువాతి సంకలనములందు సంఖ్య యింకను బెరిగినది. ఏది వేమనది, ఏది వేమన పేరిటిది యను సంశయము తీరునది కాదు.

సంశయమునకు లొంగనిది యొకటి గలదు: మకుటము. ఆటవెలదికి నాలుగు పాదములు. అందొకటి మకుటమునకు బోగా విషయమునకు మూడే మిగులును. ఆ నాలుగవ పాదమున గవి సంబోధించునది తన్నే. కులగర్వమును గొట్టిన పద్యమైనను, లోభిని బరిహసించిన పద్యమైనను, విగ్రహారాధకుని నిలదీసిన పద్యమైనను, కడకు విను మని చెప్పబడువాడు వేమనయే. ఊరివారికి జెప్పిన బుద్ధి యనుకొని లోకము మూడు వందల యేండ్లుగా వల్లించుచున్న పద్యములు వ్యాకరణముచొప్పున స్వగతములు.

అంతర్ముఖుని వ్యుత్థానము ఇట్లుండును. అన్నమయ్యకువలె నాతనికి గుడి లేదు, నిత్యసేవ లేదు, మరల శిష్యుడై కూర్చుండిన కథ లేదు, గృహస్థాశ్రమమునకు మరలినట్లు చెప్పు కథయు బ్రసిద్ధము గాదు. ఈ లేములను జూచి, వేమన లోకమునకు దిరిగి రానేలేదు, దిసమొలతో దిరిగిన యున్మత్తు డనువారు కొందఱు గలరు. వారు ఇల్లు చేరుటయే తిరిగివచ్చుట యని తలంచుచున్నారు. వేమన యింటికి రాలేదు, భాషకు వచ్చెను. అదియు నెట్టి భాషకు? కాపు, కుమ్మరి, కంసాలి మాటలాడు భాషకు. ఉప్పు, కప్పురము, కుక్క, చెప్పు, రాయి, కుండ యను వస్తువులకు వచ్చెను. ఏకాంతమున దన్ను బిలుచుకొన్న పిలుపే యెల్లరకు వినబడునంత సులభమైన ఛందస్సున బడినది. అంతర్ముఖు డొంటరియై నశించు నను భయమునకు ఆటవెలది సమాధానము.

కాని వేమన వ్యుత్థానము సంపూర్ణ మని చెప్పుటయు స్తుతివాదమే యగును. ఆతని పేరిట నున్న పద్యములందు రెండు జాతులు యాజ్ఞవల్క్యుని స్మరింపజేయును. ఒకటి, ఎదిరిని మూర్ఖు డని తేల్చివేయు కోపము. దీనిని సంఘసంస్కారోత్సాహ మని కొందఱు, విఫలమనోరథుని చేదు అని మఱికొందఱు వ్యాఖ్యానించిరి. దర్శనమునకు ముందున్న తీక్ష్ణస్వభావమే పిమ్మటను నిలిచిన దనుట యంతకంటె సరళము. రెండవది స్త్రీనింద. అది వైరాగ్యము గాదు. పాత తమకము తలక్రిందై నిలిచినది. వీనిలో బరకర్తృకములు తీసివేసినను గొంత మిగులును. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున నిచ్చిన యుపన్యాసములు వేమనను నీతిశతకకర్తగా మాత్రమే గాక మనుష్యుడుగా జూడవలయు నని చాటినవి. మనుష్యుడుగా జూచుట యనగా మానని గాయమును గూడ జూచుట. గాయమును దాచని యీ నిజాయితియే వేమనకు నీతికవులలో లేని స్వరము నిచ్చినది.

వీరబ్రహ్మము: లోపలికిని వెలికిని

వీరబ్రహ్మము స్థితి యీ రెంటికి నడుమనున్నది. బనగానపల్లె, 2022లో నంద్యాల జిల్లా యేర్పడువఱకు గర్నూలు జిల్లాలోనిది. అక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ యింట నాతడు పసులకాపరి. రవ్వలకొండ కడ పసులచుట్టు గీత గీచి, గుహలో గూర్చుండి తాటియాకులపై గాలజ్ఞానమును వ్రాసె నని గాథ. ఎవ్వరికి జెప్పలేదు. అచ్చమ్మ కనిపెట్టి యడిగిన పిమ్మటనే బోధించెను. వ్రాసిన యాకులను బూడ్చి, పైని జింతచెట్టు నాటించె నని యందురు. తరువాత గడప సీమలోని కందిమల్లాయపల్లె చేరి, గోవిందమ్మను వివాహమాడి, వడ్రంగము చేసికొని బ్రదికెను. దూదేకుల సిద్ధయ్య ప్రధానశిష్యు డయ్యెను.

గీత, గుహ, పాతర: ఈ మూడును అంతర్ముఖుని చిహ్నములు. కాని వ్రాసిన విషయము రాజులు, యుద్ధములు, క్షామములు, లోకవిపర్యయములు. లోపల గూర్చున్నవాని చూపు సర్వము వెలుపల నున్నది. కాలజ్ఞానముయొక్క గ్రంథదోషమునకు ఈ విరుద్ధతయే మూలము. వెలుపలి సంఘటనలను జెప్పు దర్శనమునకు ముగింపు లేదు. ప్రతి తరమును దన భయమును అందు జేర్చినది. జరిగిపోయినదానిని జరుగబోవునదిగా వ్రాసినది. నేటి కాలజ్ఞానప్రతులలో బ్రహ్మముగారి వాక్యమును వేఱుచేయుట దుష్కరము. ఆతని పేరిట కాళికాంబను సంబోధించు పద్యములకు నింతటి దుర్గతి పట్టలేదు. వాని మకుటమున దేవియు, హంసయు, ఇద్దఱును బిలువబడుచున్నారు. హంస యనగా దేహమునందలి జీవాత్మ. ఒక్క పాదమున నెదుటి దేవతను, లోని యాత్మను గలిపి పిలుచుట యాతని స్వభావమునకు సరియైన సంబోధనము. అన్నమయ్య పిలుపు వెలికి, వేమన పిలుపు లోనికి. బ్రహ్మము పిలుపు రెంటికిని. సంబోధ్యుడున్న రచనకు మేర యున్నది. సంబోధ్యుడు లేని జోస్యమును లోకులు తమ యిచ్చవచ్చినట్లు పొడిగించిరి.

కక్కయ్య కథ యీ విషయమున శాస్త్రగ్రంథమంత విలువ గలది. బ్రహ్మము సిద్ధయ్యకు దేహమునందు షట్చక్రములును, వానియందు దేవతలును గల రని బోధించుచుండగా గక్కయ్య చాటున వినెను. ఇంటికి బోయి, నిద్రించుచున్న భార్య దేహమును జీల్చి వెదకెను. చక్రములు లేవు, దేవతలు లేరు. నెత్తుటిముద్ద మాత్ర మున్నది. అబద్ధము చెప్పితి వని గురువును నిందింప వచ్చెను. గురు డామెను బ్రదికించి, యుపదేశ మిచ్చెను. లోపలిమాటను బహిర్ముఖుడు విన్నచో నేమగునో దీనికంటె దారుణముగా జెప్పిన కథ తెలుగున నరుదు. కక్కయ్యది అవిశ్వాసము గాదు, అతివిశ్వాసము. మాటను వస్తువుగా గ్రహించెను. దర్శనభాషకు సిద్ధపడని వానికి ఆ భాష కత్తి యగును. నేడు ద్రవ్యబలముచే నొక్క రాత్రిలో లోపలి వింతలను జూచి, తెల్లవాఱి వానిని లోకమున వస్తువులుగా వెదకువారి యాపద యిదియే. ఇంతటి తప్పును మాదిగకులజునిపై మోపుటయందు కథకుల కులపక్షపాతము కాననగు నని కూడ విమర్శకుడు చెప్పితీరవలయును. ఆ పక్షపాతమును దాటి, కథయే యాతనిని శిష్యునిగా స్వీకరించి ముగించినది.

బ్రహ్మమునకు ఉలి, బాడిస యుండుట గూడ సామాన్యవిషయము కాదు. జోస్యము చెప్పువాడు పగలు నాగలి చెక్కవలసి వచ్చెను. చేతిపని చిత్తమునకు మేర గీచును. పసులచుట్టు గీచిన గీతయే తరువాత వడ్రంగమై నిలిచిన దనినచో నతిశయోక్తి గాదు.

ఆక్షేపములు

ఈ నిర్ణయమున కిద్దఱు ఆక్షేపింతురు. జీవితకథలు కల్పితము లైనప్పుడు స్వభావనిర్ణయ మెట్లని యొకరు. కథలను దీసివేసినను రాగిరేకుల తేదీలు, ఆటవెలది మకుటము, కాళికాంబాసంబోధనము నిలుచును; స్వభావనిర్ణయమునకు మూలస్తంభము లివి. కథలు వానికి జుట్టుగోడలు మాత్రమే. మకుటము శతకసంప్రదాయముచే వచ్చినది, కవిస్వభావమునకు సాక్ష్యము గాదని మఱియొకరు. సంప్రదాయము మకుటముండవలయు నని మాత్రమే నియమించినది. ఎవరిని బిలువవలయు నని నియమింపలేదు. శతకకారులలో బెక్కండ్రు దేవతను, రాజును, పుత్రుని బిలిచిరి. తన్ను దాను బిలుచుకొనుటను వేమన యెన్నుకొనెను. ఎన్నికయే స్వభావమునకు దర్పణము.

స్వీకరించినచో నీ నిర్ణయమునకు రెండు ఫలములు గలవు. మొదటిది, వ్యుత్థానమునకు నొక్కటే యారోగ్యలక్షణమును విధింపరాదు. కలుపుగోలుతనము పెరిగెనా, ఇల్లు చేరెనా, పనికి బోయెనా యను కొలతలు అన్నమయ్యకు జాలును, వేమనకు జాలవు. అంతర్ముఖుని స్వస్థత వేఱు కొలతను గోరును: ఆతని యేకాంత మితరులు వినదగిన మాటగా మాఱెనా, లేదా. రెండవది, పాఠశాలలందు వేమన పద్యములను నీతివాక్యములుగా గుర్తుపెట్టించి, నాలుగవ పాదమును తాళమునకు మాత్రము పలికించుట తగదు. పద్యము చెప్పినవాడు నీతిని మొదట దనకే చెప్పుకొనె నని బాలు డెఱిగినచో, మొదటి మూడు పాదముల కాఠిన్య మాతని కప్పుడు నిందగా దోపదు. పండితులు పద్యార్థమును నాలుగవ పాదమునుండి యారంభించి చెప్పుట యుచితము.